అక్క పట్టుకున్న చేతులు

పిడుగక్కకి కోపం ముక్కు మీదే ఉంటుందని వీధంతా అంటారు. ముక్కు దాకా రావడానికి దానికంత తీరికెక్కడిది? ముందే చేతుల్లోకి దిగిపోతుంది. మాంసం కొట్టు నడిపే మనిషి, ఎముకలు నరికి నరికి చేతులు ఉక్కుముక్కలయ్యాయి. చిన్నప్పుడు తమ్ముడి జోలికి ఎవడొచ్చినా సాయంత్రానికల్లా వాడి వీపు విమానం మోత మోగేది. తమ్ముడిప్పుడు బైకుల మెకానిక్కు, పిల్లల తండ్రి. అయినా ఎవరితో తగువొచ్చినా, "మా అక్కకి చెప్తా" అంటాడు నవ్వుతూ.

అలాంటి మనిషి ఆ రోజు ఎవరి మీదా చెయ్యెత్తకూడదు.

ఊరి చివర చిత్తడి నేలుంది. వానొస్తే వీధుల నీళ్ళన్నీ వెళ్ళి అందులోనే పడతాయి. దాన్ని పూడ్చి చూపు ఆననంత పొడవున గోదాములు కడతామని ఒక కంపెనీ దిగింది. పూడిస్తే ఆ నీళ్ళు ఎవరి ఇళ్ళలోకి వస్తాయో పరీక్ష చేయించిన పాపాన పోలేదు. చేయించాలని చట్టం ఉంది. ప్రజల సభలో ఎవరైనా లేచి "పరీక్ష ఏది?" అని అడిగి, ఆ మాట అధికారి రాతలోకి ఎక్కితే చాలు, పని ఆగుతుంది. ఎక్కకుండా చేయడం కంపెనీకి వెన్నతో పెట్టిన విద్య. పక్క ఊళ్ళో కొండ తవ్వుకోవడం కోసం అదే చేశారు. రౌడీలు రెచ్చగొట్టారు, జనం తిరగబడ్డారు, అధికారి "ఇరువర్గాల ఘర్షణ, సభ ముగిసింది" అని రాసుకుని కారెక్కాడు. ఇప్పుడక్కడ కొండ లేదు.

ఆ ఊరి నుంచి వచ్చిన పిన్ని అందరి చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరింది.

"వాళ్ళొక్కళ్ళే కొడితే అది దాడి, సభ మూయడానికి లేదు. మనం ఒక్క దెబ్బ తిరిగేశామో, మన నోట్లో మనమే మట్టి కొట్టుకున్నట్టు."

"నన్ను చూస్తూ చెప్తావేంటి పిన్నీ?"

"నీకే చెప్తున్నానే తల్లీ. మిగతావాళ్ళకి నీలాంటి చేతులెక్కడ ఏడ్చాయి?"

సభ మున్సిపల్ హాల్లో. బల్ల దగ్గర అధికారి, తలుపు దగ్గర ఫ్యాను తిరగడం ఎన్నడూ చూడనట్టు దాన్నే చూస్తున్న పోలీసులు. పిన్ని మైకు దగ్గరికి కదలగానే వెనకనుంచి గుండు లేచాడు. కంపెనీ పెంచుకుంటున్న రౌడీ వాడు, నున్నటి తల, చేతికి ఇనుప కడియం. దారిలో కుర్చీలు తన్నాడు. దర్జీ తాతని చెంప మీద కొడితే కళ్ళద్దాలు ఎగిరిపడ్డాయి. జనం పళ్ళు బిగించి కూర్చున్నారు. పిడుగక్క చేతులు తన తొడల కింద పెట్టుకుంది.

గుండు అందరినీ ఒకసారి చూసి, తమ్ముడి ముందు ఆగాడు.

"ఏరా, మీ అక్క కొంగు చాటు నుంచి రావా?"

తమ్ముడు కుర్చీ అంచులు పట్టుకుని కూర్చున్నాడు. గుండు తలతో వాడి ముక్కు మీద పొడిచాడు. ఎముక విరిగిన చప్పుడు పిడుగక్కకి తెలిసినంత బాగా ఆ హాల్లో ఎవరికీ తెలియదు. తమ్ముడు నెత్తురు మింగుతూ ఇనుప కుర్చీ ఎత్తాడు.

ఆవిడ ఒక్క దూకులో వెళ్ళి, తమ్ముడి రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకుంది. కుర్చీ కింద పడింది. గుండు ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత పగలబడి నవ్వాడు.

"పట్టుకోమ్మా, బాగా పట్టుకో."

పిడికిలి పొట్టలో దిగింది. మోకాలు పక్కటెముకల్లో దిగింది. ప్రతి దెబ్బా తమ్ముడి వీపులోంచి ఆవిడ గుండెకి తగులుతోంది. దవడ మీద గుద్దితే పన్ను ఊడి ఆవిడ పాదం మీద పడింది.

"వదులక్కా! మొహానికి అడ్డం పెట్టుకుంటా, అంతే! వదులు!"

వదిలితే ఆ చేతులు మొహం దగ్గర ఆగవు. అవి తన రక్తంలోంచి వచ్చిన చేతులు. ఆవిడ ఏడుస్తూ ఇంకా గట్టిగా పట్టింది. కడియం తమ్ముడి కంట్లో దిగింది. ఆ అరుపు విని పోలీసులు సైతం ఫ్యాను వదిలి కిందికి చూశారు.

మైకులో పిన్ని గొంతు వినిపించింది. "అయ్యా, పరీక్ష ఏది? రాసుకోండి. ఇక్కడ ఎవరూ కొట్టుకోవడం లేదు. ఒకణ్ణి కొడుతున్నారు, మేం చూస్తున్నాం. రాసుకోండి!"

అధికారి నీళ్ళు నమిలాడు. ఘర్షణ కోసం హాలంతా వెతికాడు. చివరికి రాశాడు. కంపెనీ మనిషి సైగ చేస్తే గుండు చెయ్యి తుడుచుకుని వెళ్ళిపోయాడు. పిడుగక్క వేళ్ళు సడలించగానే తమ్ముడు గోనెసంచిలా కూలిపోయాడు.

పని ఆగింది. పరీక్ష జరిగే దాకా తట్టెడు మట్టి పోయకూడదని ఉత్తర్వు వచ్చింది. వీధంతా పిడుగక్కని ఆకాశానికెత్తింది. ఆవిడ ఆ సంగతి చెప్పడానికి ఆసుపత్రికి వెళ్ళింది. తమ్ముడి కన్ను దక్కలేదు. డాక్టరు వాడి మణికట్ల మీద నల్లగా కమిలిన వేలిగుర్తులు చూస్తున్నాడు.

"పట్టుకున్నవాడెవడో గుర్తుపట్టగలవా?" అని అడిగాడు.

తమ్ముడు దుప్పటి మణికట్ల మీదికి లాక్కున్నాడు.

"నేనే," అంది పిడుగక్క.

డాక్టరు వెళ్ళిపోయాక తమ్ముడే అడిగాడు. "పని ఆగిందా అక్కా?"

"ఆగిందిరా."

"మంచి పని చేశావు," అన్నాడు. వాడి గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. వాడి గడ్డం మీద కారిన మందు తుడుద్దామని చెయ్యి చాపింది.

తమ్ముడు ఉలిక్కిపడి, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.