సమ్మమ్మ దుఃఖం, రాయమల్లు సాన

పొద్దున్నే రాయమల్లు సానబండికి నూనె వేసి, చక్రాన్ని ఓసారి ఉత్తినే తిప్పి, గల్లీలోకి చూసేవాడు. కత్తులు పట్టుకుని ఎవరూ రాకపోతే ఆ రోజు పెళ్ళాం సమ్మమ్మ మనసు కుదురుగా ఉన్నట్టు. అప్పుడు బండి తోసుకుంటూ చౌరస్తా వైపు పోయేవాడు. నలుగురైదుగురు ఆడవాళ్ళు కొంగుచాటున కత్తులు పెట్టుకుని వస్తుంటే మాత్రం బండికి స్టాండు వేసి, ఇంట్లోకి తొంగిచూసి, "ఏమే, జర చాయన్న తాగు" అనేవాడు. సమ్మమ్మ పొయ్యి ముందే కూచుని ఉండేది. పొయ్యి మాత్రం అంటించి ఉండేది కాదు.

గిర్మాజీపేటలో ఆ గల్లీకి ఇది కొత్తేమీ కాదు. సమ్మమ్మకు దుఃఖం వస్తే, మొదట్లో ఉన్న బోరింగు నుంచి చివరి పిండిగిర్ని దాకా ఏ ఇంట్లో కత్తయినా మొద్దుబారిపోయేది. టమాటా కోయబోతే చితికేది. యాదగిరి మటన్ దుకాణంలో బొక్క తెగేది కాదు. మంగలి కత్తి గడ్డం మీద ఊరికే జారేది. "సమ్మక్కకు బిడ్డ యాదికొచ్చినట్టున్నది" అనుకుని, చేతిలో పని పక్కన పెట్టి లేచేవాళ్ళు. కరెంటు పోతే కందిలి వెతుక్కున్నట్టే, అందులో మాట్లాడుకోవాల్సింది ఏమీ కనిపించేది కాదు వాళ్ళకు.

బిడ్డ పేరు సరోజన. తొమ్మిదేళ్ళప్పుడు, సరిగ్గా సద్దుల బతుకమ్మ నాడు, జ్వరంతో పోయింది. దానికోసమని తెచ్చిన తంగేడు పూలూ గునుగు పూలూ మూలన అలాగే ఎండిపోయాయి. ఆ తరవాత పదహారేళ్ళు గడిచినా సమ్మమ్మ మొగుణ్ణి "సరోజన నాయినా" అనే పిలిచేది. ఇంకో పిల్లా పిలగాడూ పుట్టలేదు మరి, ఇంకేమని పిలుస్తుంది.

రాయమల్లుకు లోపల ఒక ముల్లు ఉండేది. పెళ్ళాం ఏడ్చిన రోజే చేతినిండా పని. ఆ రాత్రే పళ్ళెంలో కూర ఉండేది. ఆమె ఏడవకూడదని ప్రతి పొద్దునా మొక్కేవాడు. మొక్కుతూనే గల్లీలోకి చూసేవాడు. తనంత పాపిష్టివాడు వరంగల్లు మొత్తంలో ఇంకొకడు ఉండడని అతని నమ్మకం.

కత్తులు తెచ్చిన ఆడవాళ్ళు ఇచ్చేసి పోయేవాళ్ళు కాదు. కడప మీద, అరుగు మీద, ఎక్కడ చోటుంటే అక్కడ కూచునేవాళ్ళు. సరోజన పేరు ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. ఎవరింట్లో అత్త ఏమన్నదో, బోరింగు దగ్గర ఎవరెవరు కొట్టుకున్నారో చెప్పుకుంటూ, సమ్మమ్మ చేటలోని బియ్యంలో రాళ్ళు ఏరిపెట్టేవాళ్ళు. రాయమల్లు కూడా అలాంటి రోజుల్లో కావాలనే సానచక్రాన్ని మెల్లగా తొక్కేవాడు. సాయంత్రానికల్లా ఎవరో ఒకరు సమ్మమ్మ చేత రెండు ముద్దలు తినిపించేవాళ్ళు. ఇక సద్దుల బతుకమ్మ నాడయితే చెప్పనే అక్కర్లేదు. గునుగు కాడలు కోయడానికి గల్లీలో ఒక్క కత్తీ పనిచేసేది కాదు. అందరూ పూలు గంపలకెత్తుకుని సమ్మమ్మ వాకిట్లోకే వచ్చేవాళ్ళు. సాన పట్టిన కత్తి పట్టినట్టే తీసుకుని అక్కడే కాడలు కోసి, అక్కడే బతుకమ్మలు పేర్చేవాళ్ళు. ఏటా అన్ని బతుకమ్మలూ ఆ బిడ్డ పోయిన వాకిట్లో నుంచే లేచేవి.

ఎనభై నాలుగు శ్రావణంలో ఎదురింటి వరలక్ష్మి బిడ్డ పెళ్ళి జరిగింది. పసుపు రాసిన పెళ్ళికూతుర్ని చూడగానే సమ్మమ్మకు, సరోజన ఉంటే దీని ఈడే కదా అనిపించింది. అంతే. పందిరి వెనక వంటవాళ్ళ కత్తులు గుమ్మడికాయ మీద గీత కూడా పెట్టలేకపోయాయి. మగపెళ్ళివారు ఆకలితో విస్తళ్ళ ముందు కూచుని ఉన్నారు. రాయమల్లు చెమటలు కక్కుకుంటూ తొక్కితే, రెండు గంటలు ఆలస్యంగా వడ్డన మొదలైంది. వరలక్ష్మి ఒక్క మాట అనలేదు. అననందుకే సమ్మమ్మ సిగ్గుతో చచ్చిపోయింది.

"నా ఏడుపు ఊరందరికి తెల్వాల్నా?" అంది ఇంటికొచ్చాక. "ఏదన్న చెయ్యి సరోజన నాయినా. నీకు దండం వెడత."

ఏం చేయాలో రాయమల్లుకు తెలియలేదు. ఆ నెలలోనే చౌరస్తాలో స్టీలు సామాన్లమ్మే వెంకట్రాజం అతన్ని దుకాణంలోకి పిలిచి ఒక నల్లటి పెట్టె తెరిచి చూపించాడు. బొంబాయిలో ఉన్న బామ్మర్ది పంపాడట. అందులో కత్తిని కదలకుండా పట్టే బిగింపు ఒకటి, సన్నటి కడ్డీ ఒకటి, వజ్రపు పొడి అంటించిన రాళ్ళు నాలుగు, తొర్రలున్న ఒక ఇనుప పట్టీ ఉన్నాయి. కడ్డీని తొర్రలో దూర్చితే రాయి ఆ వాలులోనే కత్తి మీద పోయి వస్తుంది. చెయ్యి వంకరపోదామన్నా పోనివ్వదు.

"గీ తొర్రల్నే ఉన్నదంతా. కూరగాయల కత్తికి గిది, మటన్ కత్తికి గది," అన్నాడు వెంకట్రాజం. "వాలు గదే చూసుకుంటది. నీకైతే జల్ది చెయ్యి కుదురుతదని పిలిచిన. దుకాణం ముందట కూసో. నలుగురు చూస్తే నాకూ బేరం అయితది."

ముప్ఫై ఏళ్ళుగా మణికట్టులో దాచుకున్న విద్య ఒక ఇనుప పట్టీలో ఆరు తొర్రలై కనపడేసరికి రాయమల్లుకు ఒళ్ళు మండింది. "గిది పిలగాండ్లు ఆడుకునేది సేటూ" అన్నాడు. అయినా పిడి వేయమని యాదగిరి అక్కడ ఇచ్చిపోయిన కత్తిని బిగించి, ముతక రాయితో మొదలుపెట్టి నున్నటి రాయి దాకా నాలుగూ వరసగా నడిపించాడు. అంచును బొటనవేలి గోరు మీద ఆనించి చూశాడు. జారలేదు, అక్కడే కరుచుకుంది. రాళ్ళు తుడిచి పెట్టెలో సర్దాడు.

పదిరోజుల తరవాత సమ్మమ్మ బట్టల పెట్టె సర్దుతుంటే సరోజన పసుప్పచ్చ గౌను చేతికి తగిలింది. గల్లీ అంతా కత్తులు పట్టుకుని వచ్చింది. యాదగిరి ఒక్కడు రాలేదు. రాయమల్లు పరిగెత్తి వెళ్ళి చూశాడు. యాదగిరి ఖైమా కొడుతున్నాడు, వజ్రపు రాయి పెట్టిన కత్తి వజ్రంలాగే ఉంది.

"గట్లయితే అన్నిటికి గదే వెట్టు," అంది సమ్మమ్మ సంగతి వినగానే. చాలా రోజులకు ఆమె మొహం తేటపడింది. "నా ఏడుపు నాకాడనే ఉండనియ్యి."

ఆమె తనను ఏదైనా కోరడమే అరుదు. రాయమల్లు సంబరంగా ఆ పని మీద పడ్డాడు. వెంకట్రాజాన్ని పెట్టె అడిగి తెచ్చుకుని, ఇల్లిల్లూ తిరిగి, కత్తిపీటల బిళ్ళలు కూడా ఊడదీసి, గల్లీలో పదునన్నదాన్నల్లా వజ్రపు రాయి కిందికి తెచ్చాడు. "రెండేండ్ల దాక మొద్దువడది" అని అందరికీ మాటిచ్చాడు. మిగిలింది తన ఇంటి కత్తిపీట ఒక్కటే. అతని తండ్రి రివిట్లు కొట్టి బిగించిన ఆ మందపాటి బిళ్ళ ఊడి రాలేదు, బిగింపులో పట్టలేదు. దాన్ని పాత సాన మీదే పెట్టి, ఇంట్లోదే కదా, ఫికర్ లేదనుకున్నాడు.

సద్దుల బతుకమ్మ వచ్చింది. అలవాటు కొద్దీ సమ్మమ్మ వాకిలి ఊడ్చి, పేడనీళ్ళ సాంపి చల్లి, చాప పరిచింది. పొద్దు నెత్తి మీదికొచ్చినా ఒక్క గంప రాలేదు. ఎవరిళ్ళలో వాళ్ళు కాడలు కోసుకుంటున్నారు. సాయంత్రం గల్లీ చివరి నుంచి పాటలు వినిపించాయి.

"కత్తులు మొద్దువడలేదా?" అని అడిగింది.

"లేదే."

"నేను మస్తు ఏడ్చిన గద," అంది సమ్మమ్మ. చాప చుట్టి లోపల పెట్టింది.

ఆ తరవాత ఆమె దుఃఖానికి పోయే దారి లేకపోయింది. గల్లీ కత్తులు తీసుకోకపోతే అది ఎక్కడికి పోతుంది? ఇంటి కత్తిపీట ఒక్కటీ అంతా మోయగలదా? ఆమెలోనే తిరుగుతూ ఆమెనే మొద్దుబార్చసాగింది. సంక్రాంతి నాటికి బియ్యంలో రాయి ఆమె కంటికి ఆనేది కాదు. శివరాత్రికి నాలుకకు రుచి పోయింది. కారం రెండింతలు వేసి, చప్పగా ఉందనేది. ఎండాకాలంలో ఒకరోజు అతన్ని "ఇగో, ఇటు రా" అని పిలిచింది. "సరోజన నాయినా" అనలేదు. రాయమల్లు చేతిలో చెంబు అక్కడే దించి లేచాడు.

వెంటనే వరలక్ష్మి ఇంటికి పోయాడు. "మీ కత్తులు తేండ్రి వరలక్ష్మీ, పాత సాన మీద మల్ల పట్టి ఇస్త."

"మంచిగనే తెగుతానయి గద బావా. రెండేండ్ల దాక ఫికర్ లేదని నువ్వే అంటివి."

"కత్తి లేకున్న సరే. సమ్మమ్మ కాడికి వచ్చి జరసేపు కూసోండ్రి."

వరలక్ష్మి మంచిదే, వచ్చింది. కడప మీద కూచుంది. చేతిలో కత్తి లేదు, ఎదురు చూడాల్సిన పని లేదు.  సరోజన గురించి అడగడానికి నోరు రాలేదు. "మంచిగున్నవా అక్కా?" అంది. "మంచిగనే ఉన్న," అంది సమ్మమ్మ. కాసేపు కూచుని, పొయ్యి మీద పప్పుందని వరలక్ష్మి లేచి వెళ్ళింది. తరవాత మరి రాలేదు. గల్లీలో ఎవరికైనా సమ్మమ్మ బాగున్నట్టే లెక్క, కత్తులు బాగానే ఉన్నాయి కదా.

రాయమల్లు నల్లపెట్టెను వెంకట్రాజానికి తిరిగిచ్చేశాడు. రెండు మూడు కత్తులు బతిమాలి తెచ్చి పాత రాయి మీద అరగంట అరగంట రాపాడించి చూశాడు. వజ్రం పెట్టిన అంచు పోలేదు.

మళ్ళీ సద్దుల బతుకమ్మ. ఆ పొద్దున రాయమల్లు లేచేసరికి సమ్మమ్మ ఏదో కూనిరాగం తీస్తూ గంజి వారుస్తోంది. వేడి గిన్నెను పట్టుకున్న గుడ్డ పసుప్పచ్చగా ఉంది.

"గది ఎక్కడిదే?" అన్నాడు. 

"పెట్టెల ఉండె. పాత గౌను. ఎవలదో ఏమో," అంది. ఆమె మొహంలో దుఃఖం లేదు. పదిహేడేళ్ళుగా అతను పొద్దుపొద్దునా మొక్కింది సరిగ్గా దీనికే.

 కూర తనే కోస్తానని రాయమల్లు కత్తిపీట ముందు వేసుకుని సొరకాయను ఆనించాడు. తెగలేదు. నిన్న రాత్రే సాన పట్టాడు దాన్ని. ఇంకా గట్టిగా నొక్కాడు, కాయ నలిగింది గానీ తెగలేదు. సమ్మమ్మ వైపు చూశాడు. ఆమె కూనిరాగం ఆపలేదు. ఇది ఆమె దుఃఖం కాదని, తనదేనని అప్పుడు తెలిసింది. గల్లీలో దాన్ని అందుకునే కత్తి మరొకటి లేదు, కాబట్టి ఎవరూ రారు.

కత్తిపీట తీసుకుని వాకిట్లోకి వెళ్ళి సానబండి ఎక్కాడు. పక్కిళ్ళలో గునుగు కాడలు తెగుతున్న చప్పుడు వినిపిస్తోంది. కాసేపటికి సమ్మమ్మ చాయ్ తెచ్చి బండి పక్కన పెట్టి, కత్తులు తెచ్చినవాళ్ళు కూచునే చోట కడప మీద కూచుంది.

"ఎవలింటిది ఆ కత్తి?" అని అడిగింది.

రాయమల్లు తల ఎత్తకుండా, "సరోజన వాళ్ళింటిది," అన్నాడు.

"అయ్యో," అంది సమ్మమ్మ. "ఏం దుఃఖమొచ్చిందో పాపం ఆ తల్లికి."