నా మీద రాసిన పేరు

నేను ఒక ప్లాస్టిక్ సంచిని. అరచేతిలో ఇమిడిపోతాను. ఫ్యాక్టరీలో నాలాంటివి వేలకొద్దీ పుట్టాయి గానీ, నా మీద రాసింది మాత్రం ఒక్క పేరే: నీలవేణి, పన్నెండేళ్లు.

ఆ పిల్ల రక్తకణాలు కొడవళ్లలా వంగిపోయి నరాల్లో ఇరుక్కునేవి. నొప్పొస్తే మంచం కోడు పట్టుకుని అరిచేదట. తల్లి కడుపులో ఉన్నప్పుడు ప్రతి బిడ్డకూ ఈ వంకర లేని రక్తమే ఊరుతుంది. పుట్టాక ఒక జన్యువు దానికి తాళం వేస్తుంది. డాక్టర్లు రక్తం పుట్టించే కణాలను బయటికి తీసి, వాటిలోకి కంటికి కనబడని కత్తెరను పంపారు. దారి చూపే పోగు వెంట వెళ్లి అది ఆ తాళాన్ని తెంపింది. పక్కన ఇంకేమైనా తెంపిందేమో? ఆ భయాన్ని కూడా కణాలతోపాటే నాలో పోసి గడ్డకట్టించారు.

విశాఖ ఆసుపత్రిలో పిల్ల ఎముకల్లోని పాత మూలుగను మందులతో చంపేశారు. ఇక నేనే దిక్కు. నన్ను వెచ్చని నీళ్లలో కరిగించారు. కరిగాక నిమిషాల్లో ఎక్కించకపోతే నాలోనివి చచ్చిపోతాయి.

చేతిపట్టీ చూసినా, పేరు నోటితోనూ చెప్పించాలని అక్కడి నియమం. పిల్ల మత్తులో ఉంది. సిస్టర్, పిల్ల తల్లి సుగుణనడిగింది.

"పాప పేరేంటమ్మా?"

"తవిటమ్మండి."

సిస్టర్ చెయ్యి ఆగిపోయింది. "దీని మీద వేరే పేరుంది! ఎవరిదిది?"

"మా పిల్లదేనండి. దీనికి ముందు ఇద్దరు పోనారు. అందుకని పక్కింటామెకిచ్చేసి, సేటెడు తవుడికి తిరిగి కొనుక్కున్నాం, అందుకే తవిటమ్మ. కాయితాల్లో పేరు ఆల నాన్న రాయించాడు. ఆ పేరు పైకి అంటే సావు ఇంటాదండి."

"కరిగిపోయింది తల్లీ! ఆ పేరు నోటితో చెప్పకపోతే నేను ఎక్కించలేను."

కణం లోపలి అక్షరాన్ని తెంపగలిగిన మనుషులు, ఒక పేరు దగ్గర వణుకుతున్నారు. నవ్వొచ్చేదే, నేనూ వణక్కపోయి ఉంటే.

సుగుణ తలుపు వైపు చూసింది. "నీలవేణి," అంది, ఊపిరితో.

బొట్టు బొట్టుగా ఖాళీ అయ్యాను.

డాక్టరమ్మ వచ్చింది. "దీని కడుపున పుట్టినోలకి ఈ జబ్బు రాదు కదమ్మా?" అనడిగింది సుగుణ.

"మార్చింది రక్తం పుట్టించే కణాలనేనమ్మా. పిల్లలకు పోయే విత్తనం పాతదే. పెళ్లికి ముందు అబ్బాయికీ పరీక్ష చేయించాలి."

"అయితే ఆలకీ తవుడు దాసుంచాల," అంది సుగుణ.

ఇప్పుడు సిస్టర్ పసుపు డబ్బా మూత తీసి పట్టుకుంది. దాంట్లోవన్నీ కాల్చేస్తారు.

"పిల్ల పేరుతో కాల్సకండమ్మా, ఒక్క నిమసం," అని నన్ను లాక్కుని, సుగుణ గోటితో అక్షరాలు గీకుతోంది. ఒకటి పోయింది. రెండు పోయాయి. మూడోదీ పోయింది.

చివరిది మాత్రం ఎంతకీ పోవడం లేదు.