గాజు పెంకు కింది చెట్లు

గాంధిమతి తన బావగారితో ఏనాడూ ఒక్క మాట మాట్లాడి ఎరుగదు. బావగారంటే మొగుడి అన్న, సుబ్బురాజ్. కోవిల్‌పట్టిలోని ఆ నేతవాళ్ల ఇంట్లో చిన్న కోడలు పెద్దవాడితో నేరుగా మాట్లాడకూడదు. చెప్పాల్సింది ఉంటే తలుపు చాటున నిలబడి గోడకు చెప్పాలి, లేదా మొగుడితో చెప్పించాలి. సుబ్బురాజూ అంతే. ఆమె ఎదురుగా ఉన్నా, "రేయ్ శివరామా, నీ పెండ్లాన్ని నీళ్లు తెమ్మను" అంటాడు. ఎంత మర్యాదో! ఆమె తెచ్చిన నీళ్లు మాత్రం గటగటా తాగేస్తాడు. నోట్లో నాలుక లేని కోడలని వీధంతా ఆమెను మెచ్చుకునేది.

ఆ ఇంట్లో వెనక ఒక మగ్గం గది ఉంది. నూలు మీద వెలుతురు పడాలని మామగారు ఎప్పుడో పైకప్పులో ఒక గాజు పెంకు వేయించాడు. మగ్గం అమ్మేశాక ఆ గది ఎలుకలకు వదిలేశారు. గాంధిమతి విరుదునగర్‌లో పుట్టింటికి వెళ్లినప్పుడు రెండు క్రోటన్ మొక్కలు బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చి, ఆ గదిలో చూడ్డానికి బాగుంటాయనుకున్న చోట పెట్టింది. రెండూ చచ్చాయి. అప్పుడు బుద్ధి వచ్చి, పని లేనప్పుడల్లా గుమ్మంలో కూర్చుని వెలుతురును చూసింది. పొద్దున అది పడమటి గోడ మీద ఉంటుంది, మధ్యాహ్నానికి నేసేవాడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతలోకి దిగుతుంది, సాయంత్రం తూర్పు గోడెక్కి పోతుంది. దక్షిణం మూలకు అసలు రానే రాదు. మళ్లీ తెచ్చిన క్రోటన్లను గుంత ఒడ్డున పెట్టింది, ఆకులు ఎర్రగా రంగు తేలాయి. తమలపాకు తీగకు ఎండ సోకని పక్క గోడ చూపించింది. అత్తింట్లో ఏది ఎక్కడ ఉండాలో ఆమె తన ఇష్టప్రకారం తేల్చింది ఆ గదిలోనే. అందుకే ఆమెకు ఆ గదంటే ప్రాణం.

సుబ్బురాజ్‌కు బజారులో కడలై మిట్టాయి అంగడి ఉంది. బెల్లం పాకంలో వేసిన వేరుశనగ పప్పు వేడికి జిగురు పట్టేస్తుంది కదా, సరుకు దాచడానికి మగ్గం గది మీద కన్నేశాడు. ఒకరోజు గాంధిమతి సంత నుంచి వచ్చేసరికి ఎండ దిగకుండా గాజు పెంకు కింద రేకు తీగతో బిగించి ఉంది, గుంత చుట్టూ పెట్టెలు, చెట్లు ముంగిట ఎండలో ఉన్నాయి.

"చెట్లకు యాడైతే ఏమిరా? పెట్టిన చోట ఉంటాయి," అన్నాడు సుబ్బురాజ్ తమ్ముడితో.

ఆ మాటకు ఆమెకు ఒళ్లు మండింది. తనను కూడా అలాగే పెట్టిన చోట ఉంచారు. ముంగిట ఎండకు తమలపాకు మాడింది. వంటింట్లోకి మారిస్తే క్రోటన్లు ఆకులు రాల్చడం మొదలుపెట్టాయి. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే ఒక్కటీ మిగలదు.

"ఆ రేకు ఈ పూటే తీయమని మీ అన్నకు చెప్పండి," అంది మొగుడితో.

శివరామన్ వెళ్లాడు. ఆమె తలుపు వెనక నిలబడి విన్నది.

"అన్నా, ఆ రేకు... వీలైనప్పుడు కొంచెం చూడన్నా. తొందరేమీ లేదు," అని నీళ్లు నమిలాడు.

గాంధిమతి నిర్ఘాంతపోయింది. ఇన్నేళ్లూ తన మాటలన్నీ ఈయన నోట్లో పడి ఇలాగే సగం చచ్చి బయటికొచ్చాయన్నమాట! తన కోపం ఆ తలుపు దాటి బావగారి దాకా ఎప్పుడూ పోనే లేదు.

నేరుగా పెరట్లోకి వెళ్లి నిచ్చెన ఈడ్చుకొచ్చింది. వైరు కత్తిరించే పట్టకారు నడుమున దోపుకుని, చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి, మగ్గం గదిలో పైకెక్కింది. నేల నునుపు, నిచ్చెన జారుతోంది. చప్పుడు విని అన్నదమ్ములిద్దరూ పరిగెత్తుకొచ్చారు.

"రేయ్, నీ పెండ్లాన్ని దిగమని చెప్పరా!" అరిచాడు సుబ్బురాజ్.

శివరామన్ నోరు తెరిచేలోపే పైనుంచి మాట వచ్చింది.

"బావా! నిచ్చెన జారతా ఉండాది. గట్టిగా పట్టుకోండి."

సుబ్బురాజ్ కొయ్యబారిపోయాడు. ఆ గొంతు తనతో మాట్లాడటం అదే మొదలు. ఏం చేయాలో తోచక రెండు చేతులతో నిచ్చెన పట్టుకున్నాడు. ఆమె ఒక్కో తీగా తెంపింది. రేకు దభాలున కింద పడింది. మధ్యాహ్నపు వెలుతురు నేరుగా దిగి గుంతలోనూ, సుబ్బురాజ్ బట్టతల మీదా పడింది. అతను కళ్లు చికిలించుకుని, అలవాటు చొప్పున తమ్ముడి వైపే తిరిగాడు.

"రేయ్, మిట్టాయి పెట్టెలు ఇంగ యాడ పెట్టాలంటాదో అడుగు."

"అడిగేదేదో నన్నే అడగండి బావా," అంది గాంధిమతి, నిచ్చెన దిగకుండానే. "ఈడనే ఉండాను."