ఖాళీగా ఉన్న మనిషి

కొత్త గోడలకు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్ళు కొట్టకపోతే పగుళ్ళిస్తాయని మేస్త్రి చెప్పగానే, ఇంట్లో ఉన్నవాళ్ళంతా ఒకేసారి పెద్ద కోడలి వైపు చూశారు. ఎవరూ ఏమీ అనాల్సిన అవసరం రాలేదు. అత్తగారి చూపు మరిది మీదుగా వచ్చి ఆమె దగ్గర ఆగింది, అంతే. మర్నాటి నుంచి నీళ్ళ పైపు భుజాన వేసుకుని మెట్లెక్కడం కూడా ఆమె పనుల్లో చేరిపోయింది. వంట, అంట్లు, బట్టలు, కూతురి చదువు, అత్తగారి మోకాళ్ళకు కాపడం. వాటి పక్కన ఇదొకటి. కొత్త పని వచ్చినప్పుడు పాతదొకటి తగ్గడం ఆ ఇంట్లో ఎప్పుడూ జరగలేదు.

పైన, ఇంకా కప్పు పడని గదుల మధ్య నిలబడి గోడలు తడుపుతుంటే వీధి మొత్తం కనిపించేది. ఏ ఇంటి మనుషులు ఎంతమంది పరాయి దేశంలో ఉన్నారో, ఆ ఇంటి మీద లేచిన అంతస్తులు చూసి చెప్పేయొచ్చు. కింద ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు. పైన తాళాలు వేసిన గదులు. ఆ గదుల పైన, రాబోయే డబ్బు కోసం ఆకాశంలోకి చెయ్యి చాచినట్టు ఇనుప చువ్వలు. ఒకప్పుడు ఈ వీధిలో కుళాయి కారితే కేకేస్తే చాలు, ఇద్దరు వచ్చేవాళ్ళు. ఇప్పుడు పక్క వీధికి కబురు పెట్టి, బతిమాలి, అడిగినంతా ఇచ్చి తీసుకురావాలి. దర్జీ తన కొట్టు మూసేసి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ కొట్టులో ఫోన్లు అమ్ముతున్నారు. నెలనెలా డబ్బు రాని ఇళ్ళవాళ్ళు అద్దెలు కట్టలేక ఊరి చివరికి జరిగిపోయారు. బయట నుంచి ఎవరూ పంపని ఇల్లంటే ఇప్పుడు సంబంధాలు కూడా చూడటం లేదట. ఇదంతా ఆమె ఎవరితోనూ అనలేదు. తన మొగుడు పంపిన డబ్బుతోనే లేస్తున్న గోడను తడుపుతూ ఏమని అంటుంది? అన్నా, తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టుంటుంది. అయినా మనసు ఊరుకోదు. పైపు పట్టుకున్న చెయ్యి ఒకచోట, కళ్ళు ఒకచోట, ఆలోచన ఇంకెక్కడో.

భర్త పరాయి దేశం వెళ్ళకముందు ఆమె ఒక ప్రెస్సులో బైండింగు పని చేసేది. కాగితాలు మడవడం, కుట్టడం, అట్ట అంటించడం, అంచులు కోయడం. వేళ్ళకు ఎప్పుడూ జిగురు ఉండేది. భర్త కుళాయి పనులకు వెళ్ళేవాడు. ఇద్దరి సంపాదనా కలిస్తే బొటాబొటిగా సరిపోయేది. సాయంత్రాలు ఇద్దరూ ఒకే వేళకు ఇల్లు చేరి, ఎవరి చేతులు ఎక్కువ నొప్పిగా ఉన్నాయో పోటీ పడుతూ నవ్వుకునేవాళ్ళు. ఆయన వెళ్ళి మొదటిసారి డబ్బు పంపిన రోజు అత్తగారు వీధిలో పదిమందికీ చెప్పుకుని, ఇంటికొచ్చి కోడలితో ఒకే మాట అంది. "మా వాడు దేశం కాని దేశంలో సంపాదిస్తుంటే, నువ్వు జిగురు చేతులతో ప్రెస్సు నుంచి నడిచొస్తే చూసేవాళ్ళేమనుకుంటారు?" ఫోనులో ఆయన కూడా అదే అన్నాడు, కొంచెం మెత్తగా. "ఇంక నీకేం ఖర్మ, హాయిగా ఇంట్లో ఉండు." ఆమెకు నిజంగానే హాయిగా అనిపించింది, ఓ నెల. రెండో నెల కూతురికి చెప్పులు కొనాల్సి వచ్చినప్పుడు తెలిసింది, తన చేతిలో రూపాయి లేదని.

డబ్బు మరిది ఖాతాలోకి వచ్చేది. బ్యాంకు పనులు మగవాడు చూసుకుంటేనే మంచిదని ఇంట్లో అనుకున్నారు. మరిది దాంతో ఒక బండి కొన్నాడు, సామాన్లు తోలి ఇంటికి ఆసరాగా ఉంటానని. ఆ బండి సామాన్లకంటే స్నేహితులను ఎక్కువ మోసింది. సొమ్మొకడిది, సోకొకడిది. అతని మీద ఆమెకు కోపం లేదు. చెడ్డవాడు కాదు, అడిగితే ఇస్తాడు. కానీ అడగాలి. ఎందుకో చెప్పాలి. కూతురు పెద్దమనిషయ్యాక నెలనెలా ఆ పిల్లకు కావలసినవాటి కోసం మరిది ముందు నిలబడి "మందులకు" అనేది. "మొన్ననే కదా వదినా ఇచ్చాను, ఏం జబ్బు?" అని అతను నిజంగానే కంగారుపడి అడిగాడు ఒకసారి. ఆమె నేల చూస్తూ నిలబడింది. ఆ తర్వాత చాలా రోజులు కూతురు పాత గుడ్డముక్కలే ఉతుక్కుని వాడుకుంది. తల్లి ఎందుకు నేల చూసిందో ఆ పిల్లకు అర్థమైంది మరి.

గోడలు లేచాయి, కప్పు పడింది, పూత అయింది. నేల మీద టైల్స్ పరిచే పని వచ్చేసరికి చిక్కొచ్చి పడింది. మేస్త్రి ఒక్కడే వచ్చాడు. అరవై దాటిన మనిషి, మోకాళ్ళు అరిగిపోయినవాడు. తన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళంతా విమానాలెక్కేశారనీ, ఉన్న ఒకరిద్దరు చెప్పే కూలి వింటే యజమానులకు గుండె ఆగుతుందనీ, సాయం మనిషిని మీరే చూసుకోవాలనీ చెప్పాడు. అత్తగారు ఆ కూలి ఎంతో విని, కాసేపు ఆలోచించి అంది. "మా పెద్ద కోడలు ఖాళీగానే ఉంటుందిగా."

ఆ మాటకు పెద్ద కోడలికి నవ్వొచ్చింది. ఏడుపు రావలసిన చోట నవ్వు రావడం ఆమెకే వింతగా అనిపించింది.

అలా ఖాళీగా ఉన్న మనిషి సిమెంటు కలిపింది, టైల్స్ మోసింది, నీళ్ళలో నానబెట్టింది. నాలుగు రోజులకు మేస్త్రి టైల్స్ కోసే మిషను ఆమె చేతికిచ్చాడు. కాగితాల కట్టల అంచులు ఏళ్ళ తరబడి కోసిన చెయ్యి అది. గీత మీద నుంచి పక్కకు పోలేదు. మేస్త్రి ఆమె కోసిన ముక్కను వెలుగుకు పట్టి చూసి, ఇంకోటి ఇచ్చాడు. రసమట్టం పెట్టి గాజు గొట్టంలో బుడగ మధ్యకు వచ్చేదాకా టైలును రబ్బరు సుత్తితో తట్టడం, మూల నుంచి మొదలుపెడితే ఎక్కడ దెబ్బతింటామో, సగం ముక్కను ఎక్కడ దాచాలో, అన్నీ కూర్చున్నచోటి నుంచే చెప్పేవాడు. మొదట్లో ఆమె తప్పులు చేసింది. ఒక గదిలో వరసంతా వంకర పోయింది, పీకి మళ్ళీ వేశారు. చివరికి వచ్చేసరికి మేస్త్రి గుమ్మంలో స్టూలు వేసుకుని టీ తాగుతుంటే, ఆమె మోకాళ్ళ మీద కూర్చుని లోపలి నుంచి బయటికి నేలను పరుచుకుంటూ వచ్చేది. ఆ పూట మనసు ఒకేచోట ఉండేది. పరాయి దేశానికీ పోయేది కాదు, పాత రోజులకూ పోయేది కాదు. రాత్రి నడుం పట్టేసినా, ఇవాళ ఎంతవరకు వచ్చిందో పొద్దున్నే పైకెళ్ళి చూసుకోవాలనిపించేది.

చుట్టాలు చూడవచ్చినప్పుడు అత్తగారు నేల చూపించి, "మా వాడి కష్టం" అని కళ్ళొత్తుకుంది. అందులో అబద్ధం లేదు. నిజం సగమే ఉంది.

ఎదురింటి టీచరమ్మ కూడా వచ్చింది. ఆవిడ కూతురు పరాయి దేశంలో నర్సు. అక్కణ్ణించి పంపిన డబ్బుతో వాళ్ళింట్లోనూ గదులు వేస్తున్నారు. స్నానాల గది మూలలు వేలితో తడిమి, ఈ పని ఎవరు చేశారని అడిగింది. మేస్త్రి దాచలేదు. గడ్డంతో పెద్ద కోడలి వైపు చూపించాడు.

"మా ఇంట్లో కూడా వేస్తావా అమ్మాయ్?" అంది టీచరమ్మ. "మేస్త్రిగారు పక్కనుంటారు. నీకెంత ఇవ్వాలో చెప్పు."

నీకెంత. ఆ ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి ఆమెను ఎవరూ అడగని ప్రశ్న. నోట్లోంచి అలవాటైన మాటే వచ్చింది. "అత్తయ్యను అడిగి చెప్తాను."

టీచరమ్మ సరేనని వెళ్ళిపోయింది. ఆ పూటంతా పెద్ద కోడలికి కాలు ఒకచోట నిలవలేదు. పాలు పొంగించింది, ఉతికిన బట్టలే మళ్ళీ నానబెట్టింది. చిన్నపిల్ల బడిలో చెయ్యెత్తి అనుమతి అడిగినట్టు, ఇంత వయసొచ్చి తను అన్న మాట చెవుల్లో మోగుతూనే ఉంది. మోకాళ్ళ మీద పాకుతూ ఇంటి నేలంతా పరిచినప్పుడు ఎవరినీ అడగక్కర్లేకపోయింది. అదే పనికి ఎవరో డబ్బిస్తామంటే అడగాలి!

అడిగింది. అత్తగారు మరిది వైపు చూసింది. అతనే అందుకున్నాడు. అన్నయ్య పంపేది చాలడం లేదని వీధంతా అనుకుంటుందనీ, పరువు ఒకసారి పోతే రాదనీ, అసలు పైన ఇంకో అంతస్తు వెయ్యడానికి తను కాంట్రాక్టరుతో మాట్లాడేశాననీ, కావాలంటే అందులో వదిన ఎంత పనైనా చేసుకోవచ్చనీ చెప్పాడు. అప్పుడే అన్నయ్యకు మెసేజీ కూడా పెట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం భర్త వీడియో కాల్ చేశాడు. ఆమె ఫోను పట్టుకుని పైకెళ్ళి, కొత్త నేల మీద గోడకు ఆనుకుని కూర్చుంది.

"తమ్ముడు చెప్పింది నిజమేనా?"

"నిజమే."

అతను చెప్పుకుంటూ పోయాడు. తను అక్కడ ఎండలో మాడేది పెళ్ళాం కూలికి పోవడానికా అన్నాడు. పదిమందిలో తల ఎలా ఎత్తుకోవాలన్నాడు. మాటలన్నీ అత్తగారివే, మరిదివే. గొంతు మాత్రం ఆయనది. వింటూ వింటూ ఆమె ఆ మాటలను వదిలేసి తెరలోకి చూసింది. గడ్డం మాసి ఉంది. వెనక ఇనుప మంచం, దాని మీద మడత నలగని పని బట్టలు. కిటికీలోంచి మిట్టమధ్యాహ్నపు వెలుతురు. సెలవు రోజు కాదు.

"ఇవాళ పని లేదా?" అంది.

అతను మొహం పక్కకు తిప్పుకుని చెప్పాడు. కంపెనీ భవనాలు కట్టడం ఆపేసి మనుషులను తీసేసిందట. అది ఇప్పటి మాట కాదట. ఇంకెక్కడైనా దొరుకుతుందేమోనని తిరుగుతున్నాడట. ఈ మధ్య పంపిన డబ్బంతా గదిలోని వాళ్ళ దగ్గర చేబదులు తీసుకున్నదేనట. ఆమె కూర్చున్న నేల చల్లగా తగిలింది. ఎవరి చెమటో, ఎవరి ఇంట్లో పిల్లలు ఎదురుచూస్తున్న డబ్బో ఈ నేల కింద ఉంది.

"వచ్చేయండి," అంది. "ఇక్కడ కుళాయి పనికి మనిషి దొరక్క అల్లాడిపోతున్నారు."

"ఇన్నేళ్ళు ఇక్కడుండి మళ్ళీ వచ్చి కుళాయిలు బిగించనా?" అని, వెంటనే గొంతు తగ్గించాడు. "ఆలోచిస్తాలే. ముందు ఆ పై అంతస్తు ఆపించు."

"అత్తయ్యతో మీరే చెప్పండి."

"నేను చెప్పలేను. అమ్మ తట్టుకోలేదు. నువ్వే ఏదో ఒకటి చెప్పు. నీకే ఇష్టం లేదను. నీ మీద ఎలాగూ కోపమేగా, ఇంకాస్త పెరుగుతుంది."

అతను ఆ మాట దురుసుగా అనలేదు. దాహం వేసి గ్లాసు అడిగినంత మామూలుగా అన్నాడు. ఆమెకు ఆయన మీద జాలి లేకపోలేదు. ఆ మాసిన గడ్డాన్ని చేత్తో తడమాలనిపించింది, ఆ ఒంటరి మంచం మీద పక్కన కూర్చోవాలనిపించింది. ఇన్నాళ్ళూ ఒక్కడే మోసిన అబద్ధం ఎంత బరువో ఆమెకు తెలుస్తూనే ఉంది. కానీ ఆ బరువు దించుకోవడానికి ఆయనకు కనిపించిన చోటు మళ్ళీ ఆమె భుజమే. వీధిలో ఆయన పరువు నిలబడాలంటే ఇంట్లో ఈమె చెడ్డదైపోవాలి. గోడలకు నీళ్ళు ఎవరు కొట్టాలన్నప్పుడు అందరూ చూసిన చూపే, సముద్రం దాటి ఫోనులోంచి ఆమెను చూస్తోంది. ఈసారి ఆ చూపుకు లేచి పని అందుకోవాలనిపించలేదు.

"మీకు పని పోయిన సంగతి మీరే చెప్పాలి," అంది మెల్లగా. "నాకు పని దొరికిన సంగతి నేను చెప్తాను."

అతను ఏదో అనబోయాడు. ఆమె ఫోను పెట్టేసింది. లేచి కిందికి దిగింది.

అత్తగారు మంచం మీద బట్టలు మడతపెడుతోంది. కొడుకు గట్టిగానే చీవాట్లు పెట్టి ఉంటాడన్న తృప్తి ఆవిడ మొహంలో ఉంది. ఏమన్నాడని అడిగింది.

"రేపట్నుంచి టీచరమ్మగారింట్లో పనికి వెళ్తున్నాను అత్తయ్యా. పొద్దున వంట చేసి వెళ్తాను. మధ్యాహ్నం వడ్డించడం, అంట్లు, మీరూ మరిదీ చూసుకోండి. నా కూలి నా చేతికే ఇస్తారు."

అత్తగారి చేతిలో చీర సగం మడతలో ఆగిపోయింది. "వాడు ఒప్పుకున్నాడా?"

"నేనడగలేదు."

అంతలో మంచం మీద అత్తగారి ఫోను మోగింది. తెర మీద కొడుకు ఫోటో. ఆవిడ ఒకసారి ఫోను వైపు, ఒకసారి కోడలి వైపు చూసింది, ముందు ఎవరికి జవాబివ్వాలో తెలియనట్టు.

"మాట్లాడండి అత్తయ్యా," అని పెద్ద కోడలు చెప్పులేసుకుంది. "కొంచెం నెమ్మదిగా వినండి."

వెనక "చెప్పరా నాన్నా" అన్న గొంతు వినిపించింది. ఆమె ఆగలేదు. వీధి దాటి ఎదురింటి గుమ్మం ఎక్కింది. వెలుతురు ఉండగానే గది కొలతలు తీసుకోవాలి.