ప్రశ్న నాది, మైకు దానిది

నర్సీపట్నం గెస్ట్‌హౌస్ మెట్ల మీద వెంకటదుర్గ మంత్రిగారి ఎదురుగా మైకు పట్టుకుని నిలబడింది. పదో తరగతిలో నా పక్కన కూర్చుని లెక్కలన్నీ నావి చూసి రాసేది. నాకు పెళ్లయి చదువు ఆగిపోయింది. అది లోకల్ ఛానల్ రిపోర్టరయింది. పిల్లాడికి జ్వరం మందు కొనడానికి అత్తతో వచ్చిన నేను జనంలో ఆగి, దాని ఇస్త్రీ చీర వైపు చూశాను. ఒళ్లు మండిపోయింది.

"మా ఆసుపత్రికి పిల్లల డాక్టర్ని ఎప్పుడు వేస్తారు సార్?" అని అడిగింది దుర్గ.

"మీ నాన్నగారు బాగున్నారా అమ్మా?" అన్నారాయన నవ్వుతూ. అది మళ్లీ అడగబోతే ఆయన చూపు నా చంకలోని బిడ్డ మీద పడింది. "ఇలా తే తల్లీ, పేరు పెడతాను."

మావాడికి పేరు పెట్టి ఏడాదయింది. అయినా మా అత్త జోగులమ్మ నా వీపు మీద పొడిచింది.

"బేగి ఎల్లే! టీవీలో పడతావు."

వెళ్లాను. కెమెరా నా వైపు తిరిగింది. దుర్గ మైకు కిందికి దిగిపోయింది. నా కడుపు చల్లబడింది.

బిడ్డను ఎత్తుకున్న మంత్రిగారు ఉలిక్కిపడ్డారు. "ఒళ్లు కాలిపోతోందమ్మా! డాక్టరుకి చూపించలేదా?"

"ఏ డాక్టరుకండీ? మాకు ఎవరున్నారు?" అనేశాను.

దుర్గ మైకు చటుక్కున ఆయన నోటి దగ్గరికి వెళ్లింది. బిడ్డ చేతుల్లో ఉండగా ఆయన మాట తప్పించలేకపోయారు. "ఈ నెలలోనే వేయిస్తాను" అన్నారు.

సాయంత్రానికి అందరి ఫోన్లలోనూ "మంత్రిని నిలదీసిన వెంకటదుర్గ" అని వీడియో వచ్చింది. అందులో నా మోచెయ్యి మాత్రమే కనిపించింది.

డాక్టరు వస్తే చాలు అనుకోవాలి. అనుకోలేకపోతున్నాను.