మూడు దండం బొమ్మలు

స్కూలు యూనిఫారాలు కుట్టే ఆవిడ వేలి గోట్లోకి సూది దిగింది. కుడుతూ కుడుతూ ఫోనులో పిల్లి వీడియోలు చూస్తే దిగక ఏం చేస్తుంది! రక్తం తుడుచుకుని ఆ ఫోను తీసుకెళ్లి మొగుడి చేతిలో పెట్టింది.

"నెల రోజులు దాచెయ్. కాళ్లు పట్టుకున్నా ఇవ్వకు."

"అలాగేలే" అన్నాడు బస్సు కండక్టరు మొగుడు, తన ఫోనులోంచి తల ఎత్తకుండానే.

మొదటి వారం చేతులు ఊరికే ఉండలేకపోయాయి. తర్వాత కుట్టు తిన్నగా పడింది, మెడనొప్పి తగ్గింది. కానీ ఆవిడ మనసులో ఇంకో పంతం ఉంది. అక్క ఉండేది రెండు వీధుల అవతలే. ఏడాదిగా పలకరింపులన్నీ ఫోనులో పువ్వులూ గుండె బొమ్మలే. ఇప్పుడు జవాబు రాకపోతే చెల్లెలికేమైందోనని అక్కే పరిగెత్తుకు రావాలి. తను మాత్రం చచ్చినా వెళ్లదు.

మిషను గుమ్మం వైపు తిప్పుకుని రోజూ ఎదురుచూసింది. అక్క రాలేదు. "నేనేమైపోయినా దానికి పట్టదు" అని కళ్లొత్తుకుంది.

ఇరవై ఆరో రోజు గుండీలకని వెళ్తే కొట్లో అక్క కనబడింది. సగానికి సగం చిక్కిపోయింది. చేతి మీద సూదులు గుచ్చిన నల్ల మచ్చలు.

"ఏమైందక్కా?"

"ఏమైందా! పదకొండు రోజులు ఆస్పత్రిలో పడున్నాను. భయంగా ఉంది, ఒక్కసారి రావే అని రాస్తే దండాలు పెట్టావుగా, మూడు! చాలమ్మా, పుణ్యం కట్టుకున్నావు."

"నేను కాదక్కా, ఫోను నా దగ్గర..."

"మరి నీ దయ్యం పెట్టిందా?"

తను కొనడానికి తీసిపెట్టుకున్న గుండీలు అక్కడే వదిలేసి అక్క వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి మొగుణ్ణి నిలదీసింది. అతనికి కొంచెం కూడా సిగ్గనిపించలేదు.

"జవాబివ్వకపోతే నీకు పొగరనుకోరూ? బస్సు ఆగినప్పుడల్లా అందరికీ నేనే పెడుతున్నా."

"అక్క రాసింది చదివావా?"

"అంత పొడుగు ఎవరు చదువుతారే? దండం బొమ్మ దేనికైనా సరిపోతుంది."

తన ఫోను లాక్కుని చూసింది. మూడు దండాల కింద అక్క మళ్లీ రాసింది: "వస్తున్నావా?"

దానికి జవాబుగా కింద ఒక పువ్వు ఉంది.