సున్నపు గీత వెంట

అయిదు రోజుల కాలినడకలో అది మూడో రోజు, అన్నిటికన్నా పొడుగైన రోజు. ఇరవైరెండు కిలోమీటర్లు నడిస్తేగాని బస రాదు. మరదలు ముందు, వదిన వెనక, వీపుల మీద సంచులు. పొద్దుటినుంచి మాటలన్నీ వదినవే.

మరదలి మొగుడు, అంటే ఈ వదినకు సొంత తమ్ముడు, పోయి ఎనిమిది నెలలు. మొగుడూ పెళ్ళాలది ఒక చిన్న కుట్టు దుకాణం. ఆయన కత్తిరించేవాడు, ఈవిడ కుట్టేది. ఇరవయ్యారేళ్ళు అదే వరస. ఆయన పోయిననాటినుంచి ఈవిడ కంట చుక్క నీరు లేదు. పెడితే తినడం, పడుకోమంటే పడుకోవడం. మిషను మీద కప్పిన గుడ్డ కప్పినట్టే ఉంది. దుకాణం ఉంచుకుంటుందో వదిలేస్తుందో ఇవాళ సాయంత్రం ఆరింటికల్లా ఫోను చేసి చెప్పకపోతే గది ఇంకొకరికి ఇచ్చేస్తానని యజమాని తెగేసి చెప్పాడు. వదిన ఊరుకునే మనిషా? ఇంట్లో కూచుంటే ఏదీ తేలదని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"ఏమనుకున్నావే?" అంది వదిన, కాలవగట్టు ఎక్కుతూ.

"దేని గురించి?"

"నా రెండో పెళ్ళి గురించి. దుకాణం గురించేనే తల్లీ."

"ఏమో వదినా. ఏమీ అనిపించట్లేదు."

"అనిపించేదాకా కూచుంటే ఆరు దాటుతుంది. దారిలో ఫోను కూడా పలకదు, బసకి చేరాల్సిందే."

ఆ దారిలో మలుపు వచ్చినచోటల్లా రాతిమీద పసుపు బాణం ఉంటుంది. అది చూసుకుంటూ పోవడమే. ఒక తోట దాటాక బీడులో మాత్రం నేలమీద సన్నగా తెల్లటి గీత కనబడింది. మరదలు తల వంచుకుని దాని వెంట పడింది. ముందున్న మనిషి అంత తిన్నగా నడుస్తుంటే వదిన మాత్రం ఎందుకు అనుమానపడుతుంది? గీత చాలా దూరం పోయి ఒకచోట మూల తిరిగింది. ఇంకా పోయి మళ్ళీ తిరిగింది. గంటంపావు గడిచాక అదే తోట గోడ ఎదురైంది.

గోడ దగ్గర ఒకాయన కొలతల టేపు చుట్టుకుంటున్నాడు. "అది దారి కాదమ్మా. అన్నదమ్ములు పొలం పంచుకుంటుంటే హద్దుకి సున్నం పోశాను. మీరు నాలుగు పక్కలా తిరిగొచ్చారు."

వదిన అక్కడే కూలబడింది. "నిన్ను నమ్మి వస్తే నాచేత పొలం కొలిపించావు కదే. ఆ గీత ఎందుకు పట్టుకున్నావు?"

మరదలు వెనక్కి తిరిగి ఆ గీతకేసి చూసింది. "మీ తమ్ముడు సుద్దతో గీస్తే నేను దానిమీద కుట్టుకుంటూ పోయేదాన్ని. ఎటు పోతోందని ఏనాడూ అడగలేదు."

"వాడు తప్పు గీస్తేనో?"

"తప్పే కుట్టేదాన్ని. ఓసారి చొక్కాకి రెండూ కుడిచేతులే వచ్చాయి."

వదిన పకపకా నవ్వింది, నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. మరదలు నిలబడి చూసింది. తనకూ వస్తుందేమోనని కాసేపు ఆగింది. రాలేదు.

నాలుగు దాటింది. బాణాల దారిన ఇంకా పది కిలోమీటర్లు. గుట్ట పక్కనుంచి అడ్డంగా పడితే ఆరు కిలోమీటర్లే, కానీ అటు ఏ గుర్తులూ ఉండవన్నాడు టేపు మనిషి. వదిన మరదలి మొహం చూసింది. మరదలు గుట్టకేసి చూసింది, ఎండ ఎటుందో చూసింది, "ఇటు" అని నడిచింది. ఒకచోట ముళ్ళకంచె అడ్డొస్తే వెనక్కి తిరిగారు. ఇంకోచోట మోకాలిదాకా బురద. "ఇదీ దారేనా?" అంటే, "కాదు, ఇంకోటి చూద్దాం" అంది మరదలు. వదిన పళ్ళు కొరుక్కుంటూ వెనకే నడిచింది.

ఆరుకి పది నిమిషాలుందనగా బస చేరారు. మరదలు బురద కాళ్ళతోనే ఫోను చేసింది.

"గది వదలను. ఉంచుకుంటాను."

"మరి కత్తిరించేదెవరు?" అన్నాడు యజమాని.

"నేనే. మొదట్లో నాలుగు గుడ్డలు పాడవుతాయి."

ఫోను పెట్టేసి బెంచీ మీద కూచుంది. వదిన పక్కన చేరి మెల్లగా అడిగింది, "ఇప్పుడైనా ఏమన్నా అనిపిస్తోందా?"

"లేదు వదినా. పిక్కలు లాగుతున్నాయి, అంతే."

"లాగనీలే" అంది వదిన. "రేపు పద్ధెనిమిది కిలోమీటర్లే."